పక్క విచారణలతో కలిసి పనిచేయడం ఎలా: కబుర్లు, పూజలు, పెళ్ళి కాగితాలు, పండుగలు

విచారణ అంటే ఇక్కడ పారిష్, ఒక ఫాదర్ గారి కింద ఉండే కతోలిక సంఘం. “పక్క విచారణలో పండుగ జరిగిందని పండుగ అయిపోయాక తెలిసింది, మళ్ళీ ఇలా కాకుండా ఏం చేయాలి?” అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. కొందరి బాధ ఇంకో రకం. “మా అమ్మాయి పెళ్ళి దగ్గర పడింది, అబ్బాయి వాళ్ళ విచారణ నుంచి ఉత్తరం రాలేదు, ఎవరిని పట్టుకోవాలి?” అంటారు. రెండింటికీ మందు ఒకటే. పక్కపక్కనున్న మూడు నాలుగు విచారణల మధ్య కబురు నడవడానికి ఒక పద్ధతి పెట్టుకోవాలి. ఏ పని తర్వాత ఏ పని చేయాలో కింద రాశాను. నేను గురువుని కాను. విచారణ సంఘంలో ప్రకటనలు రాసి పంపే పని చాలాకాలంగా చేస్తున్నాను, అంతే.

ముందు నా తప్పు ఒకటి చెప్పేస్తాను. ఫాదర్ గారు పక్క విచారణ పండుగకు వెళ్ళాల్సి రావడంతో మా సబ్‌స్టేషన్‌లో (విచారణ కింద ఉండే చిన్న ఊరి గుడిలో) ఆదివారం ఉదయం ఏడు గంటల పూజ (మాస్) సాయంత్రం నాలుగుకి మారింది. శనివారం రాత్రి వాట్సాప్ గ్రూపులో ఆ ముక్క పెట్టి పడుకున్నాను. మర్నాడు తొమ్మిదిన్నరకి అటు వెళ్తే గుడి అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చునుంది. పొలం గట్ల మీద నడిచి వచ్చినట్టుంది, కాళ్ళకి బురద, పక్కన గొడుగు. కానుక వేయడానికి తెచ్చిన పది రూపాయల నోటు కొంగు ముడిలో అలాగే ఉంది. “మాకెవులూ సెప్పనేదు బావూ” అంది. నా మెసేజ్ నలభై మందికి పైగా చూశారని ఫోన్ చూపిస్తోంది. ఆవిడ ఇంట్లో ఫోనే లేదు.

అప్పట్నుంచి ఏ కబురైనా చివరి సబ్‌స్టేషన్‌కి ఎలా చేరుతుందో ముందు చూసుకుని, తర్వాతే పంపుతున్నాను. మీరూ లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టండి.

## 1. ముందు అడగాల్సినవాళ్ళని అడగండి

దగ్గరి విచారణలను కలిపి డీనరీగా ఏర్పాటు చేయడం శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలోనే ఉంది, 374వ సూత్రం. ఉమ్మడిగా చేసే సేవను ప్రోత్సహించడం, దాన్ని ఒక వరసలో నడపడం ఆ డీనరీకి పెద్ద అయిన డీన్ గారి బాధ్యతల్లో ఉందని 555వ సూత్రం చెబుతుంది. అంటే మీరు కొత్తగా సంఘం పెట్టక్కర్లేదు. ఉన్న ఏర్పాటుకి చేతులూ కాళ్ళూ ఇస్తే చాలు.

మొదట మీ విచారణ కర్తకి (విచారణ ఫాదర్ గారికి) చెప్పండి. ఆయన చేతే పక్క విచారణ కర్తకి ఒక మాట చెప్పించండి. తర్వాత ఇద్దరూ కలిసి డీన్ గారికి తెలియజేస్తారు. ఈ వరస తప్పి, యూత్ వాళ్ళు యూత్ వాళ్ళతో మాట్లాడేసుకుని పోస్టర్ వేశాక ఫాదర్ గారికి చూపిస్తే ఆయన ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను.

ఎవరి పని ఏదో మొదటి రోజే తేల్చుకోండి. పూజ వేళలు, దేవద్రవ్యానుమానాలు (జ్ఞానస్నానం, పెళ్ళి లాంటి సంస్కారాలు), రిజిస్టర్లు గురువుల చేతిలో ఉంటాయి. కబురు చేర్చడం, మనుషుల్ని కూడగట్టడం, సామాను, వంట, రవాణా మన పని. డబ్బు వసూలు ఈ పద్ధతిలో లేనే లేదు. అది మొదలైన రోజు మిగతావన్నీ పక్కకు పోతాయి.

ఎన్ని విచారణలు కలవాలి? మూడు, మహా అయితే నాలుగు. డీనరీ మొత్తాన్నీ ఒకేసారి కలపాలని కూర్చుంటే ఏడాదంతా మీటింగులతోనే గడిచిపోతుంది.

పొరుగు ఎవరన్నది మ్యాప్ చూసి తేల్చకండి. బస్సు చూసి తేల్చండి. మన శ్రీకాకుళం మేత్రాసనం (ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) 1993లో విశాఖపట్నం నుంచి వేరుపడింది. పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ దీని కిందకే వస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాలకొండ, పార్వతీపురం, సాలూరు కొత్త పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. ఆ గీతలకీ విచారణల హద్దులకీ పొత్తు లేదు. ఊరేగింపుకి, మైకుకి అనుమతి మాత్రం పోలీసు స్టేషన్ లెక్కనే తెచ్చుకోవాలి. కాబట్టి ఏ సబ్‌స్టేషన్ ఏ స్టేషన్ కిందకి వస్తుందో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఇచ్ఛాపురం వైపు వాళ్ళకి ఒక మాట. పక్క ఊరి విచారణ ఒడిశాలోని బెర్హంపూర్ మేత్రాసనంలోది కావచ్చు. కబుర్లు ఇచ్చిపుచ్చుకోవచ్చు. పూజలు, పెళ్ళిళ్ళ విషయం మాత్రం మేత్రాసనం మారింది కాబట్టి గురువులే మాట్లాడుకోవాలి. అక్కడి ప్రకటనని తెలుగుతో పాటు ఒడియాలో కూడా ఒకసారి చదివించండి. చదవగలిగినవాళ్ళు సంఘంలోనే ఉంటారు.

## 2. విచారణకి ఇద్దరు మనుషులు

ఒక్కరు సరిపోరు. ఆ ఒక్కరికి జ్వరం వచ్చినా, కూతురి పురిటికి వెళ్ళినా కబురు అక్కడే ఆగిపోతుంది. ఇద్దరిని పెట్టండి. ఇద్దరిలో ఒకరు ఆడవాళ్ళయితే మంచిది. ఎవరింట్లో ఎవరు మంచం పట్టారో, ఎవరి సంబంధం కుదిరిందో వాళ్ళకి ముందే తెలుస్తుంది.

ఎవరిని పెట్టకూడదో కూడా చెబుతాను. అన్ని సంఘాల్లోనూ పేరున్న మనిషిని పెట్టకండి, ఆయనకి తీరిక ఉండదు. వారమంతా విశాఖలో ఉద్యోగం చేసి ఆదివారం ఊరొచ్చే కుర్రాణ్ణి పెట్టకండి, ఎంత చురుకైనవాడైనా సరే. ఫోన్ ఎత్తే మనిషి కావాలి. ఉపదేశి గారు (ఊళ్ళో జ్ఞానోపదేశం చెప్పి, ప్రార్థన నడిపే మనిషి) తప్పకుండా తోడుండాలి గానీ భారమంతా ఆయన మీదే వేయకండి, ఇప్పటికే ఆయన మీద చాలా ఉంది.

ఆ ఇద్దరి మొదటి పని సబ్‌స్టేషన్లన్నీ స్వయంగా తిరిగి రావడం. ఫోన్లో అడిగి పట్టిక నింపితే సగం తప్పులే. ఒక్కో ఊరికి ఇవి రాసుకోండి:

☐ సంఘ పెద్ద పేరు, ఫోన్ నంబరు, ఆయన దొరకకపోతే పక్కింటి నంబరు
☐ అది మామూలు ఫోనా, వాట్సాప్ ఉన్నదా
☐ సిగ్నల్ ఊళ్ళో దొరుకుతుందా, ఏ మిట్ట ఎక్కాలి
☐ గుడి తాళం ఎవరి దగ్గర ఉంటుంది
☐ ఫోన్ లేని ఇళ్ళెన్ని, వాళ్ళకి చెప్పే బాధ్యత ఎవరిది
☐ మంచం మీద ఉన్నవాళ్ళు, ఇంటి దగ్గర సత్ప్రసాదం (కమ్యూనియన్) కావాల్సినవాళ్ళు
☐ మొదటి బస్సు, ఆఖరి బస్సు
☐ వారపు సంత ఏ రోజు, ఎక్కడ

ఆఖరిది ఎందుకని అడగొద్దు. సీతంపేట, కురుపాం వైపు కొండ మీది ఊళ్ళలో ఫోన్ చేసేకన్నా సంతలో కాగితం చేతికివ్వడం నమ్మకం. ఊరికొకరైనా సంతకి దిగుతారు.

## 3. ఏడాది క్యాలెండర్, ఒకే కాగితం మీద

క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలంతో పూజా సంవత్సరం మొదలవుతుంది కాబట్టి నవంబరు మొదటి రెండు వారాల్లో కూర్చోండి. విచారణకి ఇద్దరు చొప్పున, వీలైతే ఒక ఫాదర్ గారు. రెండు గంటల పని. టీ ఒకసారి చాలు.

ముందు తేదీ మారని పండుగలు రాయండి: ఫిబ్రవరి 11 లూర్దుమాత, మార్చి 19 యోసేపు గారు, జూన్ 13 అంతోని గారు, సెప్టెంబరు 8 మరియమాత జన్మదినం, అక్టోబరు 1 చిన్న తెరేజమ్మ. మీ విచారణల పాలక పునీతుల పేర్లు ఇంకేమైనా ఉంటే చేర్చుకోండి. పండుగ ఒక్కటే రాస్తే చాలదు, దాని ముందు నవదిన ప్రార్థనల తొమ్మిది రోజులూ గీత గీయాలి. ఢీకొనేది అక్కడే.

తర్వాత తేదీ మారేవి: విభూది బుధవారం (తపస్సు కాలం, అంటే లెంట్, మొదటి రోజు), మ్రానికొమ్మల ఆదివారం, పాస్క (ఈస్టర్), క్రీస్తురాజు పండుగ.

మూడోది చాలామంది వదిలేసేది, మన ఊళ్ళ సొంత లెక్క. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు, అంతకు ముందు రోజు టౌన్లో బస్సు కదలదు. డీనరీ సమావేశం ఆ వారంలో పెట్టుకుంటే కుర్చీలకే చెప్పుకోవాలి. రథసప్తమికి అరసవల్లి వైపు శ్రీకాకుళం టౌన్ అంతే. మార్చిలో పదో తరగతి పరీక్షలు. నవంబరు, డిసెంబరులో వరి కోతలు, కోత రోజుల్లో సాయంత్రం ఏడుకి ముందు పెట్టే ప్రార్థనకి మగవాళ్ళు రారు. సంక్రాంతికి హైదరాబాద్, చెన్నై వెళ్ళినవాళ్ళంతా ఊళ్ళోనే ఉంటారు, పెళ్ళి మాటలకీ కాగితాల పనికీ అదే అదను.

ఒక ఉదాహరణ చూడండి. 2027లో పాస్క మార్చి 28న వస్తుంది. దాన్నిబట్టి విభూది బుధవారం ఫిబ్రవరి 10. గుణదల మాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11. అంటే మన దగ్గర్నుంచి గుణదలకి రైలెక్కే కుటుంబాలు తపస్సు కాలం మొదటి రోజున ఊళ్ళో ఉండవు. లూర్దుమాత పేరున్న విచారణ పండుగేమో విభూది మర్నాడే పడుతుంది. భోజనాలు ఎలా, ఆర్భాటం ఎంత, విభూది ఏ ఊళ్ళో ఎవరు పెడతారు అన్నది జనవరిలో తలపట్టుకునే కన్నా ముందు నవంబరులోనే గురువుల ముందు పెట్టొచ్చు.

రెండు విచారణల పండుగలు వారం తేడాలో పడితే ఒకరిని తేదీ మార్చుకోమని అడగకండి, అది గొడవకి దారి. నవదిన ప్రసంగాలకి వచ్చే గురువుల్ని, టెంట్ హౌస్ బేరాన్ని కలిపి చూసుకోండి. శామియానా ఒకే లారీలో వస్తే రెండు పక్షాలకీ ఖర్చు తగ్గుతుంది.

క్యాలెండర్ అయ్యాక ప్రతి గుడి తలుపు లోపలి వైపు ఒకటి అంటించండి. బయట వైపు అంటిస్తే మొదటి వానకే పోతుంది.

## 4. కబురు రాయడం, చేర్చడం

మన ప్రకటనలు ఎక్కువగా ఇలా ఉంటాయి:

“అందరికీ ముఖ్య గమనిక. ఈ ఆదివారం మన పొరుగు విచారణలో మాత పండుగ అత్యంత ఘనంగా జరుగును. కావున భక్తులందరూ తప్పక పాల్గొని దీవెనలు పొందగలరు.”

ఏ ఆదివారం? ఎన్నింటికి? ఎలా వెళ్ళాలి? ఇది పోయినేడాదిదా, ఈ ఏడాదిదా? నిజంగానే పోయినేడాది పోస్టర్ ఎవరో మళ్ళీ పంపితే ఆటో కట్టించుకుని వెళ్ళి ఖాళీ మైదానం చూసి వచ్చినవాళ్ళున్నారు.

ఇలా రాయండి (పాపసంకీర్తనం అంటే కన్ఫెషన్):

“2026 సెప్టెంబరు 8, మంగళవారం. ఫలానా విచారణ గుడిలో వేళాంగణి మాత పండుగ. పాపసంకీర్తనం సాయంత్రం 4 నుంచి. తేరు 5కి. పూజ 6:30కి. పూజ తర్వాత భోజనం. కాంప్లెక్స్‌కి ఆఖరి బస్సు రాత్రి 9:10కి. ఆ రోజు మన గుడిలో సాయంత్రం పూజ లేదు. వివరాలకి ఫలానా మేష్టారు, ఫోన్ నంబరు.”

“ఆ రోజు మన గుడిలో పూజ లేదు” అన్న వాక్యమే అన్నిటికన్నా ముఖ్యం. పక్కవాళ్ళ దగ్గర ఏముందో అందరూ రాస్తారు, దానివల్ల మన దగ్గర ఏం మారిందో రాయరు. ముసలమ్మ ఎండలో కూర్చున్నది ఆ ఒక్క వాక్యం చేరకే.

కబురు వారం ఇలా నడిపించండి:

గురువారం రాత్రి ఎనిమిది. పక్క విచారణలకి పంపాల్సిన ప్రకటన ఈ లోపే వెళ్ళిపోవాలి. తర్వాత వచ్చింది వచ్చే వారానికి, చావు కబురు తప్ప.

శుక్రవారం. అందినవాళ్ళు “అందింది” అని తిరిగి చెప్పాలి. బొటనవేలి గుర్తు చాలదు, అది చదవకుండా కూడా నొక్కుతారు. చెప్పనివాళ్ళకి పంపినవాళ్ళే ఫోన్ చేయాలి.

శనివారం. సంఘ పెద్దలకి ఫోన్. వాట్సాప్ ఉన్నవాళ్ళకి రాతతో పాటు నలభై సెకన్లు మించని వాయిస్ మెసేజ్. చదవడం రానివాళ్ళు కూడా పదిమందికి వినిపిస్తారు.

ఆదివారం. పూజ చివర ప్రకటన. ఉపదేశి గారు నిమిషంలో చదివేలా పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. పక్క విచారణల కబుర్లు రెండుకి మించొద్దు. ఆరు ప్రకటనలు వరసగా చదివితే జనం చెప్పులు వెతుక్కోవడం మొదలుపెడతారు.

గ్రూపు గురించి. విచారణల ఉమ్మడి గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చండి. లేకపోతే రోజుకి అరవై గుడ్ మార్నింగ్ పూలు, మధ్యలో ఎక్కడో మన కబురు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్ళకి ఆ మెసేజ్ వెళ్ళదు.

వేళ మారితే, పూజ రద్దయితే శుక్రవారం తర్వాత ఏ మార్పైనా ఫోన్ చేసే చెప్పాలి. గ్రూపులో పెట్టడం అదనం. నా తప్పు నుంచి వచ్చిన నియమం ఇది.

చావు కబురుకి వేరే వరస. ముందు ఇంటివాళ్ళతో గానీ సంఘ పెద్దతో గానీ మాట్లాడి రూఢి చేసుకోండి. తర్వాత ఫాదర్ గారికి. భూస్థాపన వేళ తేలాకే గ్రూపులో. బతికున్న మనిషికి శ్రద్ధాంజలి పెట్టిన గ్రూపుని ఆ ఇంటివాళ్ళు ఎన్నాళ్ళకీ మరిచిపోరు.

## 5. ఫాదర్ లేని ఆదివారం

మామూలుగా ఒక గురువు రోజుకి ఒకే పూజ చేస్తారు. తగిన కారణం ఉంటే రెండు, ఆదివారాలూ తప్పనిసరి పండుగల్లో అవసరాన్నిబట్టి మూడు చేయడానికి మేత్రాణులు (బిషప్ గారు) అనుమతించవచ్చని 905వ సూత్రం. కాబట్టి “మా ఊరికి కూడా ఒక్కసారి రండి ఫాదర్” అని నాలుగోది అడగకండి. నవంబరు 2, మరణించిన విశ్వాసుల రోజున ఏ గురువైనా మూడు పూజలు చేయవచ్చు. సమాధుల దగ్గరి పూజలకి మూడు విచారణల గురువులూ కలిసి ఊళ్ళు పంచుకోవడానికి అనువైన రోజు అది.

గురువులు ఎప్పుడు ఊళ్ళో ఉండరో ముందే తెలుస్తుంది: వాళ్ళ వార్షిక ధ్యానాలు, పవిత్ర వారంలో మేత్రాణులతో కలిసి చేసే తైలాల ఆశీర్వాద పూజ, ఇంటి దగ్గర పెళ్ళిళ్ళు. ఈ తేదీలు క్యాలెండర్‌లో వేరే రంగుతో రాయండి. ఆ రోజుల్లో ఎవరి బదులు ఎవరు అన్నది గురువులే నిర్ణయిస్తారు. మీరు ఖాళీ గడిని చూపించండి చాలు.

పక్క విచారణ గురువు మీ సబ్‌స్టేషన్‌కి వస్తున్నారంటే ముందు రోజు సాయంత్రానికి ఇవి సరిచూడండి:

☐ గుడి తాళం తెరిచే మనిషి, అరగంట ముందు
☐ పూజా గ్రంథం, ఆ రోజు పేజీకి రిబ్బన్ పెట్టి
☐ అప్పాలు, ద్రాక్షారసం, నీళ్ళు, తుడిచే గుడ్డలు. ఆయన తెస్తారులే అనుకోకండి
☐ పూజ తలంపులు (ఎవరి కోసం ఈ పూజ అన్నది) ఒక కాగితం మీద, పేర్లు విడమరిచి చదవగలిగేలా
☐ పఠనాలు చదివేవాళ్ళు, పాటలు ఎత్తుకునేవాళ్ళు
☐ మైకు, కరెంటు పోతే బ్యాటరీ
☐ దారి చూపడానికి మెయిన్ రోడ్డు మలుపు దగ్గర ఒక కుర్రాడు

తలంపు కోసం ఇచ్చిన కానుక పూజ చేసే గురువుకి అందించాలి. దాన్ని పట్టుకుని “మీ విచారణా, మా విచారణా” అని లెక్క తీయకండి. పూజ కానుకల డబ్బా మాత్రం ఆ గుడి పద్ధతి ప్రకారం లెక్కపెట్టి, ఇద్దరు సంతకం చేసి, ఆ విచారణకే అప్పగించాలి.

అసలు ఏ గురువూ దొరకకపోతే పూజ రద్దు అని మాత్రమే పంపొద్దు. సిస్టర్ గారో ఉపదేశి గారో వాక్య ప్రార్థన నడిపిస్తారని, ఎన్నింటికో కలిపి పంపండి. అనుమతి ఉన్నవాళ్ళయితే సత్ప్రసాదం కూడా ఇస్తారు. జనం రావడం మానేస్తే మళ్ళీ అలవాటు చేయడం కష్టం.

తపస్సు కాలంలో పాపసంకీర్తనాలకి మూడు విచారణల గురువులూ ఒక్కో సాయంత్రం ఒక్కో గుడిలో కలిసి కూర్చోవడం నేను చూసిన ఏర్పాట్లలో అన్నిటికన్నా బాగా నడిచేది. కారణం అందరికీ తెలిసిందే. రోజూ ముఖం చూసే ఫాదర్ కన్నా పక్క ఊరి ఫాదర్ దగ్గర నోరు తేలిగ్గా విప్పుతారు.

ఆసుపత్రి విషయం. పల్లె నుంచి శ్రీకాకుళమో విజయనగరమో తీసుకెళ్ళిన రోగికి అవస్థ అభ్యంగనం (తైలం పూసి చేసే ప్రార్థన) కావాలంటే సొంత ఫాదర్ గారు నలభై కిలోమీటర్లు రాలేకపోవచ్చు. టౌన్ విచారణలోని మీ జత మనిషికి (అక్కడ పెట్టుకున్న ఇద్దరిలో ఒకరికి) ఫోన్ చేసి రోగి పేరు, వార్డు, మంచం నంబరు, పక్కన ఉన్నవాళ్ళ ఫోన్ చెప్పండి. “మనవాళ్ళు పెద్దాసుపత్రిలో ఉన్నారు” అంటే ఆయన ఎక్కడని వెతుకుతారు? ఒకటికి రెండుసార్లు ఆలోచించి ఆలస్యం చేయడం ఇక్కడ పెద్ద తప్పు. స్పృహలో ఉండగానే పిలవాలి.

## 6. పెళ్ళి కాగితాలు

పక్క విచారణతో అసలు తగువు వచ్చేది ఇక్కడే. అమ్మాయి ఒక విచారణ, అబ్బాయి ఇంకో విచారణ, ఉద్యోగం మూడో చోట. కార్డులు అచ్చయ్యాక కాగితాలు గుర్తొస్తాయి. కార్డు తర్వాత, కాగితం ముందు అన్నది రెండు ఇళ్ళకీ మొదటే చెప్పండి.

వరస ఇదీ:

రెండు మూడు నెలల ముందు ఇద్దరూ తమ తమ విచారణ కర్తలని కలవాలి. పెళ్ళి ఎక్కడ, ఏ గురువు అన్నది అప్పుడే తేలాలి. ఇద్దరిలో ఒకరు కతోలికులు కాకపోతే మేత్రాణుల నుంచి అనుమతి గానీ మినహాయింపు గానీ రావాలి, దానికి ఇంకా ముందు వెళ్ళాలి.

జ్ఞానస్నాన పత్రం కొత్తగా రాయించుకోవాలి. ఇంట్లో బీరువాలో ఉన్న పాతది పనికిరాదు. రిజిస్టర్‌లో ఆ పేరు పక్కన తర్వాత రాసిన వివరాలు, ముఖ్యంగా ఇంతకు ముందు పెళ్ళి అయిందా లేదా అన్నది, కొత్త పత్రంలోనే కనిపిస్తుంది. ఆరు నెలల లోపుది అడగడం మామూలు.

పెళ్ళికి ముందు శిక్షణ. మేత్రాసనం తేదీలు ముందే అడిగి క్యాలెండర్‌లో వేయండి. నెలకొకసారి మాత్రమే ఉంటే, అది తప్పితే పెళ్ళే వాయిదా వేయాల్సి వస్తుంది.

చాటింపులు (ఫలానావాళ్ళకి పెళ్ళి అని గుడిలో ప్రకటించడం) రెండు విచారణల్లోనూ. మామూలుగా మూడు ఆదివారాలు. ఇక్కడ నోటిమాట పనికిరాదు. అమ్మాయి విచారణ కర్త సంతకం, ముద్రతో ఉత్తరం అబ్బాయి విచారణకి వెళ్ళాలి. చాటింపులయ్యాక “అభ్యంతరం ఏదీ రాలేదు” అని తిరుగు ఉత్తరం రావాలి. అబ్బాయి ఏళ్ళ తరబడి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటే అక్కడి విచారణ నుంచి కూడా అవివాహితుడని ఉత్తరం అడుగుతారు. సంక్రాంతికి వచ్చినప్పుడే ఈ మాట చెవిన వేయండి.

పెళ్ళయ్యాక పెళ్ళి జరిగిన విచారణ నుంచి ఇద్దరి జ్ఞానస్నాన విచారణలకీ సమాచారం వెళ్ళాలి. అక్కడి జ్ఞానస్నాన రిజిస్టర్‌లో అది ఎక్కాలి. 1122వ సూత్రం అడిగేది ఇదే. విందు అయిపోగానే అందరూ మరిచిపోయే మెట్టు కూడా ఇదే. మీ పట్టికలో ఆఖరి గడి దీనికి ఉంచి, తిరుగు కబురు వచ్చాకే టిక్కు పెట్టండి.

ఇక ఎక్కువగా ఎదురయ్యే చిక్కు: పేర్లు. ఇంట్లో అప్పారావు, ఆధార్‌లో అప్పారావు, రిజిస్టర్‌లో అంతోని. పుట్టిన తేదీ కూడా బడిలో ఒకటి, గుడిలో ఒకటి. రిజిస్టర్ ఎవరూ దిద్దకూడదు. రెండు పేర్లూ ఒకే మనిషివని తెలిపే ఆధారాలు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానపిత (గాడ్‌ఫాదర్) పేరు పట్టుకుని ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళండి. ఎలా రాయాలో ఆయన చూసుకుంటారు.

ఇంకో చిక్కు: జ్ఞానస్నానం జరిగిన ఊరు అప్పట్లో వేరే విచారణ సబ్‌స్టేషన్. తర్వాత కొత్త విచారణ ఏర్పడింది. రిజిస్టర్ పాత విచారణలోనే ఉంటుంది. కొత్త ఆఫీసులో “లేదు” అన్నారంటే జ్ఞానస్నానం లేనట్టు కాదు, పాత విచారణలో అడగండి. ఏ ఊరు ఏ సంవత్సరం దాకా ఎవరి కింద ఉండేదో ఉపదేశుల్లో పెద్దవాళ్ళకి నోటికి వచ్చు. వాళ్ళుండగానే రాసిపెట్టుకోండి.

పత్రాల ఫొటోలు గ్రూపులో పెట్టకండి. ఆఫీసు నుంచి ఆఫీసుకే వెళ్ళాలి.

## 7. పండుగకి చేతులు కలపడం

పక్క విచారణ పండుగకి మనం వెళ్ళేది భోజనానికేనన్న పేరు పోవాలంటే ఒక పని తీసుకోండి. ఒక్కటే, పూర్తిగా. మంచినీళ్ళు తీసుకుంటే మంచినీళ్ళు, పార్కింగ్ తీసుకుంటే పార్కింగ్. అన్నిట్లో తలా ఒక చెయ్యి వేస్తే ఎవరికీ ఏదీ తెలియదు.

☐ తేరు వెళ్ళే దారి రాసి పోలీసు స్టేషన్‌లో ముందే అనుమతి
☐ మైకుకి అనుమతి. రాత్రి పది తర్వాత బయట లౌడ్‌స్పీకర్ వద్దన్నది చట్టం, కార్యక్రమం అలాగే కూర్చుకోండి
☐ తేరు దారిలో వేలాడే కరెంటు తీగలు పగలే చూసి రావడం
☐ పాపసంకీర్తనాలకి ఎంతమంది గురువులు, ఎక్కడ కుర్చీలు
☐ వంటకి మనుషుల లెక్క, శుక్రవారం నాటికి ఒక్కో విచారణ నుంచి
☐ తప్పిపోయిన పిల్లల్ని ఎక్కడికి తేవాలో మైకులో రెండుసార్లు
☐ ఆఖరి బస్సుకి అరగంట ముందు భోజనం మొదటి బంతి, దూరం వాళ్ళకి

ఇచ్చిపుచ్చుకునే సామానుకి ఒక పుస్తకం పెట్టండి. జనరేటర్, మైకు సెట్టు, గుండిగలు, బెంచీలు. తీసుకున్న రోజు ఎలా ఉందో ఫొటో, తిరిగిచ్చిన రోజు ఇంకో ఫొటో. ఇది అనుమానంతో చేసేది కాదు. రెండు విచారణల మధ్య నాలుగేళ్ళ మాటల్లేనితనం ఒక గుండిగ సొట్టతో మొదలైంది, నాకు తెలుసు.

అక్టోబరు పండుగలు పెట్టుకునేవాళ్ళు కప్పు ఉన్న చోటు ఒకటి తప్పకుండా చూసి ఉంచండి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీ అప్పుడు పలాస, ఉద్దానం వైపు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అలాంటప్పుడు ఈ పద్ధతే సాయానికీ పనికొస్తుంది. జత మనుషుల ద్వారా ఏ ఊరికి ఏం కావాలో అడిగి పంపండి. అడగకుండా పంపితే టార్పాలిన్లు కావాల్సిన చోటికి పాత చీరల మూటలు చేరతాయి.

## 8. ఫాదర్ గారు బదిలీ అయినప్పుడు

మంచి ఏర్పాట్లు ఎక్కువగా ఆగిపోయేది బదిలీలప్పుడే. పాత ఫాదర్ గారి ఫోన్లోనే నంబర్లన్నీ ఉండిపోతాయి. పక్క విచారణతో ఏం మాట అయిందో కొత్తాయనకి తెలియదు. అందుకే మొదటి రోజు నుంచీ ఒక దళసరి రిజిస్టర్ పెట్టి, అది విచారణ ఆఫీసులోనే ఉంచండి. మీ ఇంట్లో వద్దు. అందులో సబ్‌స్టేషన్ల పట్టిక, ఏడాది క్యాలెండర్, పంపిన ప్రకటనల నకళ్ళు, నడుస్తున్న పెళ్ళి కాగితాల పట్టిక, సామాను లెక్క ఉండాలి. గ్రూపు అడ్మిన్‌గా ప్రతి విచారణ నుంచీ ఇద్దరు లేకపోతే ఇవాళే చేర్చండి.

బదిలీ ఉత్తర్వు వచ్చిందని తెలియగానే పెండింగ్ పెళ్ళి ఉత్తరాలు ఏవున్నాయో చూసి, వెళ్ళే ఫాదర్ గారి సంతకాలు ఆయన సామాను కట్టేలోపే చేయించుకోండి.

కొత్త ఫాదర్ గారికి మొదటి వారంలో ఈ రిజిస్టర్ మొత్తం వినిపించాలనుకోకండి, ఆయనకి అప్పుడు గదికి ఫ్యాన్ ఉందో లేదో కూడా తెలియదు. రెండు పేజీలు చాలు: వచ్చే రెండు నెలల్లో ఏముంది, పక్క విచారణలకి ఏం మాట ఇచ్చాం. మార్చాలంటే మార్చే హక్కు ఆయనది, మారిస్తే ఆ మాట పక్కవాళ్ళకి అదే రోజు మీరే చెప్పండి.

తర్వాత ఆయన్ని సబ్‌స్టేషన్లకి తీసుకెళ్ళండి, అన్నిటికన్నా దూరం ఉన్న ఊరితో మొదలుపెట్టి. ముందు రోజు సాయంత్రం సంఘ పెద్దకి ఫోన్ చేయండి. ఎత్తకపోతే పక్కింటి నంబరుకి చేయండి.